పిల్లల్ని వెతకనివ్వండి

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5న. ఆ రోజు మన బడులకు వేసవి సెలవులు! తెరిచాక ఒక మొక్క నాటుతారు, ఫొటో దిగుతారు, గోడకు చార్టు అంటిస్తారు. ఆ మొక్కకు మర్నాడు నీళ్లు పోసే దిక్కుండదు. దీన్ని పర్యావరణ విద్య అనడం పిల్లల్ని మోసం చేయడమే.

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పాఠం వచ్చింది, గైడు వచ్చింది, బట్టీ వచ్చింది. చూపు మాత్రం రాలేదు. మూసీ కాలుష్యానికి కారణాలు తడబడకుండా అప్పజెప్పే పిల్లకు తన తరగతి చెత్తబుట్ట ఎక్కడ ఖాళీ అవుతుందో తెలియదు. తప్పు ఆ పిల్లది కాదు, మనది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ టీచర్లను నేను అడిగేది ఒక్క పీరియడ్. నలుగురేసి పిల్లలను జట్టు చేయండి. వెతకాల్సిన వాటి జాబితా జట్టుకొకటి ఇచ్చి తరగతిలో, బడి ఆవరణలో వెతికించండి. పైన్ కాయలు వెతకమనే ఇంటర్నెట్ జాబితా మనకొద్దు. జాబితాలో మన ఊరుండాలి.

సూర్యాపేటలో చెత్తబుట్టతో మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ల కిందటే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి దేశానికి దారి చూపిన ఊరది. తరగతిలో పోగైనదాన్ని ఆ లెక్కన రాయించండి. మిర్యాలగూడలో మధ్యాహ్న భోజనం పళ్లెంలోని అన్నం వెంట నడిపించండి: సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, వరి, రైస్ మిల్లు, ఊక, బాయిలర్ బూడిద. కిటికీ ఊచల మీది దుమ్మును తెల్ల కాగితంతో తుడిచి చూపించమనండి. కోదాడలో బడి గోడనే అడగమనండి: ఈ సిమెంటు ఏ సున్నపురాయి గుట్టను తవ్వితే వచ్చింది?

కారే నల్లా, ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్, గోడ పగుల్లో మొలిచిన రావి మొక్క, చీమల బారు అన్నీ జాబితాలో ఉండాలి. ఆకు తుంచొద్దు, గాజుపెంకులు ముట్టొద్దు, చూసింది బొమ్మ గీసి రాయాలి. చివరి పది నిమిషాలు ఒక్కటే ప్రశ్న: ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న అడగకపోతే అది ఉత్త ఆటే.

సిలబస్ మిగిలిపోతుందంటారా? పిల్లల కళ్లు మూసి పూర్తి చేసిన సిలబస్ ఎవరికి కావాలి? అల్లరి చేస్తారంటారా? తిరుగుతూ నేర్చుకోవడం వాళ్లకు కొత్త కాదు. బతుకమ్మకు తంగేడు, గునుగు కోసం చెరువు గట్లు, చేను గట్లు తిరిగి ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో నేర్చుకున్న పిల్లలు మన పిల్లలు. ఆ తిరుగుడును మాన్పించి, పూలు బజారులో కొనిచ్చి, ప్రకృతిని పుస్తకంలో చదవమన్నది పెద్దవాళ్లమే.

హైదరాబాద్ మురుగు మోసుకుంటూ మూసీ సూర్యాపేట పక్కనుంచి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఆ నీటితో రేపు బతకాల్సింది ఈ పిల్లలే. హెడ్మాస్టర్లూ, ఈ వారమే ఆ పీరియడ్ ఇవ్వండి. అమ్మానాన్నలూ, మార్కులు అడిగే ముందు ఇవాళ ఏం కనిపెట్టావని అడగండి.