యవన విద్య మనకేల?

చరిత్ర పుస్తకమున ఏథెన్సు, స్పార్టా యను పేరులు కనబడినంతనే మన విద్యార్థులలో ననేకులు "ఈ గ్రీకులతో మనకేమి పని?" యని యడుగుచుందురు. వారి తల్లిదండ్రులును అట్లే యడుగుచున్నారు. ఏలూరున గాని, తాడేపల్లిగూడెమున గాని, కొల్లేటి లంకలలో గాని పుట్టి పెరిగిన బిడ్డకు రెండువేల యైదువందల యేండ్ల క్రిందటి పరదేశపు కథలు కూడు పెట్టునా యనునది వారి సందేహము. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పరీక్షలును, ఉద్యోగములును నిజమైన చింతలే. అయినను ప్రాచీన గ్రీకుల చరిత్రను, సారస్వతమును మన పిల్లలు కొంతయైన చదివి తీరవలయుననుటయే మా యభిప్రాయము. అందులకు గల హేతువులను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదటిది, మన పూర్వులు యవనులని పిలిచిన ఈ జనులు మనకు క్రొత్తవారు కారు. అశోకచక్రవర్తి పదమూడవ శిలాశాసనమున అంతియోకుడు మొదలగు నైదుగురు యవనరాజుల పేరులతో పాటు ఆంధ్రుల పేరును గలదు. ఆ చక్రవర్తి శాసనములు మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి యొద్ద నేటికిని రాతిమీద నిలిచియున్నవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన ఎరిత్ర సముద్ర యాత్రాగ్రంథము, మసాలియా యను సీమలో సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగుచుండెనని చెప్పుచున్నది. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నుండిన టోలెమీ తన భూగోళ గ్రంథమున ఈ తీరమునే మైసోలియా యనెను. సాలకేనోయి యను జనులను, బెనగౌరోన్ అను పట్టణమును కూడ నతడు పేర్కొనెను. వీరు శాలంకాయనులనియు, ఆ పట్టణము వేంగీపురమనియు పలువురు చరిత్రకారులు తలచిరి. ఆ వేంగియే ఏలూరునకు సమీపమున నున్న నేటి పెదవేగి. ఆ దారిని నిత్యము పాఠశాలకు వచ్చిపోవు బాలురలో ఎందఱు ఈ సంగతి నెఱుగుదురు?

మన నోటిలోని మాటలలోనే యవనులున్నారు. ఏలూరు జిల్లా 2022వ సంవత్సరమున ఏర్పడినది. ఏలూరు దానికి కేంద్రము. కేంద్రమను మాట సంస్కృత జ్యోతిష గ్రంథముల ద్వారమున మనకు వచ్చినను, దాని మూలము కెంట్రోన్ అను గ్రీకు పదము. దానికి మొన యనియు, ఎద్దులను పొడుచు ములుకోల యనియు అర్థములు. వృత్తమును గీయునపుడు కదలక నిలుచునది మొనయే గనుక వృత్తమధ్యమునకు ఆ పేరు కలిగెను. అపొస్తలుల కార్యముల 26వ అధ్యాయమున మన తెలుగు బైబిలులో మునికోల యని యున్నచోట గ్రీకు మూలమున నున్నది ఈ పదమే. రైతు చేతి కోలయు, జిల్లా కచేరీల పట్టణమును ఒక్క మాటకు పుట్టిన బిడ్డలని తెలిసిన బాలునికి నిఘంటువు విసుగు పుట్టింపదు.

మిషను పాఠశాలలో చదువువారికి మఱియొక హేతువు గలదు. ప్రతి ఉదయమును మనము వినుచున్న క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడిన గ్రంథము. విశాఖపట్టణమున మిషనరీలు తెలిగించిన సువార్తలు 1812వ సంవత్సరమున శ్రీరామపురమున అచ్చుపడెను. ఒక భాషలోని భావమును మఱియొక భాషలోనికి దింపుట ఎంతటి శ్రమయో ఒక్క నిదర్శనము చాలును. కాందహారు నగరమున 1958లో అశోకుని శాసనమొకటి గ్రీకు, అరమాయిక భాషలలో బయల్పడెను. అందు ధర్మమను మాటకు గ్రీకున యూసెబెయా యని యున్నది. తిమోతికి వ్రాసిన పత్రికలలో మన తెలుగువారు దైవభక్తి యని యనువదించినది ఈ మాటనే. అశోకుని ధర్మమును, పౌలు బోధించిన భక్తియు ఒక్క గ్రీకు పదమున నిమిడినవి. దీనిని గ్రహించిన విద్యార్థి అన్యమతస్థుని మాటను వినుటకు తొందరపడి చెవులు మూసికొనడు.

ఇవన్నియు ముచ్చటలే గాని ప్రయోజనమేమని యడుగువారు గలరు. వారికి ముఖ్యమైన సమాధానమిది. క్రీస్తుపూర్వము 430వ సంవత్సరమున ఏథెన్సు నగరమున మహామారి ప్రబలెను. ఆ వ్యాధికి తానును చిక్కి బ్రదికిన థ్యుసిడైడీసు అను చరిత్రకారుడు దాని లక్షణములను మొదటినుండి తుదివఱకు వరుసగా వ్రాసిపెట్టెను. కారణమును ఊహించు పని నితరులకు విడిచి, తాను చూచినదానిని మాత్రము చెప్పెను. మఱల నెన్నడైన నట్టి వ్యాధి వచ్చినచో జనులు గుర్తింపవలయునని యాతని తలంపు. 2020 డిసెంబరులో మన ఏలూరున వందలకొలది జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయిరి. సీసము, నికెలు అను లోహములని కొందఱును, పురుగుమందులని కొందఱును చెప్పిరి. ఆ దినములలో ఏ వీధివారు ఏ నీరు త్రాగిరో, ఏమి తినిరో, ఏ గడియకు పడిరో మన పట్టణమున ఎన్ని యిండ్లలో వ్రాసి యుంచిరి? వదంతి వేయి నోళ్లను ప్రాకెను, జ్ఞాపకము చెదరిపోవుచున్నది. చూచినది చూచినట్లు వ్రాసియుంచుట యొక విద్య. ఆ విద్యకు థ్యుసిడైడీసు మంచి గురువు.

హిపోక్రటీసు పేర వెలసిన వైద్య గ్రంథములలో వాయువులు, జలములు, స్థలములు అను నొక పుస్తకము గలదు. క్రొత్త ఊరికి పోయిన వైద్యుడు ముందుగా అచ్చటి గాలిని, నేలను, జనులు త్రాగు నీటిని పరీక్షింపవలయునని అందు బోధింపబడినది. నిలిచిన చెరువుల నీటి కీడును అందు వివరింపబడినది. కృష్ణా గోదావరుల నడుమ నున్న మన కొల్లేరునకు 2002వ సంవత్సరమున రామ్సారు పట్టికలో స్థానము లభించెను. పట్టణముల మురుగును, చేల నీరును మోసికొనివచ్చు కాలువలు అందు కలియుచున్నవి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చుచున్నది. కనుచూపు మేర నీరున్నను త్రాగునీటికి వెదకికొను లంకవాసుల బిడ్డకంటె ఆ గ్రంథమును బాగుగా బోధపఱచుకొనువారెవరు?

ఇక సారస్వతము. హోమరు ఇలియడు కావ్యాంతమున వృద్ధరాజు ప్రియాము తన కుమారుని చంపిన శత్రువు చేతులను ముద్దిడుకొని కుమారుని శవమును యాచించును. తిక్కన స్త్రీపర్వమున గాంధారి శోకమును చదివిన తెలుగు బాలునికి ఆ దుఃఖము క్రొత్తది కాదు. సోఫోక్లీసు నాటకమున అంటిగొనీ రాజాజ్ఞను మీఱి అన్న శవమునకు మన్ను వేయును. పోతన ప్రహ్లాదుని నెఱిగినవాడు ఆమెను వెంటనే పోల్చుకొనును. మన కవులను విడిచి గ్రీకులను చదువుమని మేము చెప్పుట లేదు. ఒకరి ప్రక్కన నొకరిని నిలిపి చూచినపుడు ఇరువురి యెత్తును తెలియునని మాత్రమే చెప్పుచున్నాము.

గ్రీకులను పూజింపుమనియు మా మాట గాదు. ప్రజాప్రభుత్వమని పొగడబడు ఏథెన్సున దాసులకును స్త్రీలకును సభలో మాట లేకుండెను. ప్రశ్నించుటయే జీవితముగా గల సోక్రటీసును క్రీస్తుపూర్వము 399లో ఆ పౌరుల న్యాయసభయే మరణశిక్షకు లోనుచేసెను. కొందఱిని వెలుపల నిలిపి తాము స్వతంత్రులమని తలచుట మన యూళ్లకును తెలియని తప్పు కాదు. ఆ తప్పును పరుల చరిత్రలో స్పష్టముగా చూచిన కన్ను తన వీధిని కూడ చూడనేర్చును.

కావున మా మనవి స్వల్పమైనది. వారమున కొక గంట యీ చదువునకు కేటాయింపుడు. గ్రంథాలయమున నొక యఱను దీనికై యుంచుడు. ఏటేట పిల్లలను పెదవేగికిని, గుంటుపల్లి బౌద్ధగుహలకును తోడ్కొనిపోయి చూచినదానిని వ్రాయింపుడు. ప్రతి విద్యార్థియు తన గ్రామపు నీటిని, నేలను, పెద్దల జ్ఞాపకములను గూర్చి యొక వ్యాసమును వ్రాయవలయును. వానిలో మేలైనవి ఈ సంచికలోనే ప్రకటింపబడునుగాక. టోలెమీ దూరదేశమున కూర్చుండి మన యూరి పేరును వినినంత మాత్రమున వ్రాసిపెట్టెను. ఇచ్చటనే పుట్టినవారము మనము వ్రాయకుండుట తగునా?