అచ్చు చీర, నేత చీర: బెంగళూరు అంగడిలో పేరుకు రక్షణ ఏది?

పెళ్లి ముహూర్తాలు సమీపించగానే హిందూపురం, మడకశిర ప్రాంతాల కుటుంబాలు బట్టల కొనుగోలుకు బెంగళూరులోని చిక్కపేటకు పయనమగుట పాత ఆనవాయితీ. ధర్మవరం మగ్గాలపై నేసిన పట్టుచీరలు కూడా ఆ నగరానికే అమ్మకానికి తరలుతాయి. ఆ అంగడిలో సరిహద్దు ప్రజలు కొనేవారు, నేసి పంపేవారు కూడా. అందుచేత బట్టపై బొమ్మ ఏ విధంగా ఏర్పడినదన్న ప్రశ్న వీరికి కూటి ప్రశ్నయే.

బట్టకు అలంకారం రెండు విధాలుగా కలుగుతుంది. మొదటిది నేతలోనే పుట్టేది. ధర్మవరంలో ముందుగా గళ్ల కాగితంపై నమూనా గీసి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు చేస్తారు. ఆ అట్టలు జకార్డు యంత్రంలో ఏ పడుగు పోగు లేవవలెనో నిర్ణయిస్తాయి. ఫ్రాన్సులో 1804లో రూపొందిన ఈ యంత్రం సాయంతోనే లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలోని ఆకృతులు చీర అంచులకు దిగివచ్చాయి.

రెండవది నేసిన బట్టపై వేసేది. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో నానబెట్టి, ఆరిన పిమ్మట వెదురు కలంతో బొమ్మ గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీటిలో పులియబెట్టిన ద్రావకం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నలుపు తేలుతుంది. ఎరుపు నిలిచేందుకు పటిక ఆధారం. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో కలానికి బదులు చెక్కిన కొయ్య అచ్చులు వాడతారు. బెంగళూరులో 1977లో స్థాపితమైన తరంగిణి వంటి సంస్థలు కూడా ఈ చేతి అచ్చు విద్యనే చేపట్టాయి.

తరువాత వచ్చినది స్క్రీన్ ముద్రణ. ఇందులో రంగుకొక తెర అవసరం. పది రంగుల బొమ్మకు పది తెరలు కావలెను. డిజిటల్ ముద్రణలో ఆ ఖర్చు లేదు. కంప్యూటరులోని చిత్రాన్ని యంత్రం నేరుగా బట్టపై చిమ్ముతుంది. నూలుకు, పట్టుకు, పాలిస్టరుకు వేర్వేరు సిరాలు ఉన్నాయి. ఒక కళాకారుడు వారాల తరబడి గీసిన చిత్రాన్ని ఫొటో తీసి, కొద్ది గంటలలో వందల మీటర్లు ముద్రించవచ్చు. చిక్కు ఇక్కడే మొదలగుచున్నది.

అచ్చు వేయుట నేరం కాదు. తక్కువ ధరకు రంగురంగుల చీర పేద ఇంటికి చేరుట మేలే. కొయ్య అచ్చు కూడా ఒకనాటి వేగవంతమైన సాధనమే. భారతీయ అద్దకపు బట్టల ధాటికి తట్టుకోలేక ఇంగ్లండు 1721లో వాటి వాడకాన్ని నిషేధించింది. అక్కడి అద్దకపువారు ఆ నమూనాలనే అనుకరించి ఎదిగారు. ఆక్షేపణీయమైనది అచ్చు బట్టను కలంకారీ అనియు, మరనేతను ధర్మవరం మగ్గపు చీర అనియు చెప్పి అమ్ముట.

చట్టాలు లేకపోలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలను మరమగ్గంపై నేయరాదన్నది. కాని దాని దృష్టి నేతపైననే. నేత అంచును పోలిన బొమ్మను బట్టపై ముద్రిస్తే ఆ కట్టడి అంతగా పనిచేయదు. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలకు, ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది పేరును కాపాడుతుంది గాని బొమ్మను కాదు. కొత్త బొమ్మకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద గరిష్ఠంగా 15 సంవత్సరాల రక్షణ ఉన్నది. అయితే బజారులో వెల్లడి కాకమునుపే నమోదు చేయించవలెను. ఒంటరి నేతగానికి ఇది భారం. సహకార సంఘాలు పూనుకొనదగిన పని.

కొనేవారు కూడా గుర్తులను వేరుచేసి చూడవలెను. బెంగళూరు కేంద్రంగా పనిచేసే కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది. చేతితో నేసినదని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. చీరను తిరగవేసి చూస్తే నేతలోని బుటాకు వెనుక పోగులు కనిపిస్తాయి. అచ్చు బొమ్మ వెనుక సాధారణంగా వెలవెలబోతుంది. చేతి గీతలో ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకటి కావు. పోగు కాల్చితే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదగా నలుగుతుంది. పాలిస్టరు కరిగి ఉండకడుతుంది.

అన్నిటికన్న సులభమైన ఉపాయం రసీదు. "చేనేత", "మరనేత", "డిజిటల్ ముద్రణ" అను మాటలలో ఏది నిజమో అది రసీదుపై వ్రాయించుకొనే హక్కు కొనేవారికున్నది. వ్రాయుటకు వెనుకాడే అంగడిలో చేనేత ధర చెల్లించనవసరం లేదు. సరిహద్దు గ్రామాల నుండి వెళ్లే ప్రతి పెళ్లివారూ ఈ ఒక్క మాట పట్టుబట్టి అడిగితే, ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్నవానికి దక్కవలసిన కూలి దక్కుతుంది.