ఇంటర్వ్యూలో వారు వెదికేది ఏమిటి?



అప్పు చేసి చదివించారు. డిగ్రీ చేతికి వచ్చింది. దరఖాస్తులు పెట్టారు. కాని ఇంటర్వ్యూ అనే మాట వినగానే మన పల్లె పిల్లలకు చేతులు చల్లబడిపోతాయి. "ఇంగ్లీషు రాదు, మంచి బట్టలు లేవు, సిఫారసు చేసేవారు లేరు" అని ఇంటి దగ్గరే ఓడిపోయి బస్సెక్కేవారు ఎందరో ఉన్నారు. ఇంతకూ బల్లకు అవతల కూర్చున్నవారు వెదికేది ఏమిటి? ఈ నెల దీనిని గూర్చి ఆలోచిద్దాం.

పెద్ద ఇంటర్వ్యూ అని పేరున్న సివిల్ సర్వీసెస్ సంగతే చూడండి. మొత్తం 2025 మార్కులలో ఇంటర్వ్యూకు 275. అందులో ఏమి పరీక్షిస్తారో యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన నోటిఫికేషన్‌లోనే చెబుతుంది: చురుకైన బుద్ధి, గ్రహించే శక్తి, విషయాన్ని స్పష్టంగా చెప్పగలగడం, తూకం తప్పని నిర్ణయం, పలు విషయాలలో ఆసక్తి, నలుగురిని కలుపుకొని నడిపించడం, నిజాయితీ. ఇంగ్లీషు అనే మాట అందులో లేదు. శ్రీకాకుళం జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, ఉపాధ్యాయునిగా పనిచేసిన రోణంకి గోపాలకృష్ణ గారు 2016 పరీక్షను తెలుగులో వ్రాశారు. ఇంటర్వ్యూలోను అనువాదకుని సాయంతో తెలుగులోనే మాట్లాడారు. 2017లో ఫలితాలు వచ్చినప్పుడు ఆయనది దేశంలో 3వ ర్యాంకు. ప్రైవేటు ఉద్యోగాలలో ఇంగ్లీషు అవసరం చాలా ఉంది, శ్రద్ధగా నేర్చుకోండి. అయితే అది చేతిలో పనిముట్టు మాత్రమే. వారు చూసేది ఆ చేయి ఎలాంటిదని.

2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసివేసింది. కాని ఆసుపత్రి, దుకాణం, ఫ్యాక్టరీ, ప్రైవేటు పాఠశాల, కంపెనీ వంటి చోట్ల ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకుండ తీసుకోవడం అరుదు. అక్కడ ముఖ్యంగా చూసేవి నాలుగు.

1. నిజాయితీ: బయోడేటాలో వ్రాసిన ప్రతి మాట గూర్చి అడుగుతారు. రాని కంప్యూటర్ కోర్సు వచ్చునని వ్రాస్తే రెండవ ప్రశ్నకే దొరికిపోతాము. తెలియనిదానికి "తెలియదండి, నేర్చుకుంటాను" అనడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. మోషేకు సహాయకులను ఎన్నుకొమ్మని సలహా యిచ్చిన యిత్రో కూడ సామర్థ్యముతో పాటు దైవభక్తిని, సత్యమును, లంచము ముట్టని గుణమును చూడమన్నాడు (నిర్గమకాండము 18వ అధ్యాయము).

2. వినే చెవి: ప్రశ్న పూర్తిగా వినండి. అడిగినదానికే జవాబు చెప్పండి. అర్థం కాకపోతే మరల అడగండి.

3. కలిసి పనిచేసే గుణం: సైన్యంలో అధికారులను ఎన్నుకొనే ఎస్.ఎస్.బి. పరీక్ష ఐదు రోజులు సాగుతుంది. కొందరిని ఒక గుంపుగా చేసి పలకలు, దుంగలు, తాళ్లు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. ఎవరు ఉపాయం చెప్పారు, ఎవరు తోటివారి మాట విన్నారు, ఎవరు చేయి అందించారు అని గమనిస్తారు.

4. పని తెలిసిన తనం: ఇక్కడే మనవారు తమ దగ్గరున్నదానిని గుర్తించరు. "మీ గురించి చెప్పండి" అంటే తండ్రి పేరు, ఊరు, మార్కులు అప్పజెప్పి ఆగిపోతారు. అవి వారి ముందున్న కాగితంలోనే ఉన్నాయి కదా! అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకం వ్రాసిపెట్టిన అమ్మాయికి లెక్క తెలుసు, పదిమంది డబ్బు విషయంలో మాట పడకుండ ఉండడం తెలుసు. నాట్లకు కూలీలను పిలిచి, సాయంత్రం లెక్క చూసి డబ్బిచ్చిన అబ్బాయికి మనుష్యులతో పని చేయించడం తెలుసు. చేసిన పని ఏది, వచ్చిన చిక్కు ఏది, దానిని ఎలా తీర్చారు, చివరికి ఏమైంది? ఈ నాలుగు సంగతులు రెండు నిమిషాలలో చెప్పడం అలవాటు చేసుకోండి.

తల్లిదండ్రులారా, మీకొక మాట. ఇంటికి పెద్దలు వచ్చినప్పుడు పిల్లలు ఏదైనా అనబోతే "నువ్వు ఊరుకో" అంటాము. ఆడపిల్లనైతే లోపలికి పొమ్మంటాము. ఇరవై ఏండ్లు నోరు మూయించి, ఒక్క రోజున కొత్తవారి ముందు ధైర్యంగా మాట్లాడమంటే ఎక్కడనుండి వస్తుంది? వారిని మాట్లాడనివ్వండి. బ్యాంకుకు, మండల ఆఫీసుకు వెళ్లినప్పుడు వారినే అడగనివ్వండి.

ముందు రాత్రే సర్టిఫికెట్లు, జిరాక్సులు సర్దుకోండి. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు చాలు. ఉదయం బస్సు మీద నమ్మకం లేకపోతే ముందురోజే పట్నం చేరండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారి చేతిలో మాత్రం రూపాయి పెట్టవద్దు. పొలం తాకట్టు పెట్టి మోసపోయిన కుటుంబాల కన్నీరు చూస్తూనే ఉన్నాము.

ఒకచోట రాకపోతే ఆ సాయంత్రమే వారడిగిన ప్రశ్నలన్నీ నోటు పుస్తకంలో వ్రాసుకోండి. తడబడినవాటికి జవాబులు సిద్ధం చేసుకోండి. రెండవసారి వెళ్లేటప్పుడు ఆ పుస్తకమే మీకు సిఫారసు ఉత్తరం.