జార్ ఖజానాకు పడిన కన్నం

రష్యా విప్లవం ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్ల వ్యాసాలు సన్యాసి రాస్పుటిన్ దగ్గర మొదలై లెనిన్ ఎక్కిన రైలు దగ్గర తేలతాయి. రాస్పుటిన్‌ను 1916 డిసెంబరులోనే చంపేశారు. 1917 ఫిబ్రవరిలో రాజధాని పెట్రోగ్రాడ్ భగ్గుమన్ననాడు లెనిన్ జూరిచ్‌లో ఉన్నాడు. రోమనోవ్ జార్ల సింహాసనాన్ని కూల్చింది మొదటి ప్రపంచ యుద్ధం. ఆ పని రణరంగంలో కన్నా ముందే ఖజానాలో మొదలైంది.

ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుంది. 1913లో రష్యా ప్రభుత్వ రాబడిలో నాలుగో వంతుకు పైగా సర్కారీ వోడ్కా అమ్మకాల నుంచే వచ్చింది. 1914 వేసవిలో సైన్య సమీకరణ మొదలవగానే జార్ రెండో నికొలాస్ ఆ అమ్మకాలను ఆపించాడు. కొద్ది వారాల్లో ఆ నిషేధాన్ని యుద్ధం ముగిసేదాకా పొడిగించాడు. రైతుబిడ్డలు మత్తులో కాకుండా తెలివితో పటాలంలో చేరాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అంతకు ముందెన్నడూ ఎరగనంత ఖరీదైన యుద్ధంలోకి దిగుతూ నాలుగో వంతు రాబడిని వదులుకున్న ప్రభుత్వం ఆ లోటు దేంతో పూడుస్తుంది? అప్పులు తెచ్చింది, నోట్లు అచ్చేసింది. 1914 జూలైలో చలామణిలో ఉన్న రూబుళ్లు సుమారు 160 కోట్లు. 1917 మార్చి నాటికి వెయ్యి కోట్లకు చేరువయ్యాయి.

పెట్రోగ్రాడ్ రొట్టె క్యూలకు కారణం కరువని రాసేవాళ్లు ఈ లెక్క చూడరు. డార్డనెల్స్ మూతపడి ఎగుమతులు ఆగాక ధాన్యం దేశంలోనే ఉంది. ఫ్యాక్టరీలు ఫిరంగి గుండ్లకు మళ్లడంతో రైతుకు గుడ్డ దొరకలేదు, మేకు దొరకలేదు. రోజురోజుకూ విలువ పోతున్న కాగితం కోసం అతను గింజలెందుకు అమ్ముతాడు? అమ్మిన కాస్తనూ చేరవేయాల్సిన రైళ్లు సైన్యానికే చాలడం లేదు. పాత క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 23న వైబర్గ్ పేట జౌళి మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం రోడ్డెక్కారు. 27న వొలీన్‌స్కీ రెజిమెంటు తిరగబడింది. మార్చి 2న ప్‌స్కోవ్‌లో నికొలాస్ గద్దె దిగాడు.

భూమి కోసం రైతుల ఆగ్రహం యుద్ధానికి ముందే ఉందంటారు. నిజమే, 1905లోనూ ఉంది. అప్పుడు జార్ జపాన్‌తో సంధి చేసుకుని, విధేయంగా మిగిలిన సైన్యంతో తిరుగుబాటును అణిచాడు. 1917లో సంధి లేదు. రాజధానిలో ఉన్నది యుద్ధానికి పోవడం ఇష్టంలేని కొత్త సిపాయిలు.

రాస్పుటిన్‌ను నిందించే ప్రతి వ్యాసమూ యుద్ధం మీద, నిషేధం మీద సంతకం చేసిన చేతిని వదిలేస్తోంది. తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వంలో రాస్పుటిన్ లేడు, జార్ లేడు, రాణీ లేదు. నాలుగో వంతు కన్నం మాత్రం అలాగే ఉంది. నోట్ల అచ్చు ఆగలేదు, యుద్ధమూ ఆగలేదు. ఆ ప్రభుత్వ యుద్ధమంత్రి కెరెన్‌స్కీ జూన్‌లో అదే సైన్యాన్ని మళ్లీ దాడికి తోలాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ ప్రభుత్వమూ కూలింది. దాన్ని ఏ సన్యాసి చెడగొట్టాడో చెప్పమనండి.