మనోవేదన ఈమాన్ లోపం కాదు

కర్ణాటకలోని హాసన్‌కు చెందిన న్యాయవాది, కన్నడ కథారచయిత్రి బాను ముష్తాక్ 2025 మే నెలలో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకొన్నారు. ముస్లిం మహిళకు దక్కిన గౌరవమని అందరమూ గర్వించాము. అయితే ఇరవై తొమ్మిదేళ్ల ప్రాయంలో, ప్రసవానంతరం, తీవ్రమైన కుంగుబాటుకు లోనై ప్రాణం తీసుకొనే అంచు వరకు వెళ్లానని, భర్త ఆపి కాపాడారని ఆమే స్వయంగా వెల్లడించారు. ఆ మాటను మాత్రం దాటవేస్తున్నాము. బహుమతి మనదీ, బాధ ఆమెదీనా?

మన ఇంటి కోడలు అదే మాట చెబితే లభించే సమాధానాలు ఏవి? "ఈమాన్ తగ్గింది", "ఏదో గాలి సోకింది", "బయటికి చెప్పకు, పరువు పోతుంది". ఇలా అనేవారిని మేము సూటిగా ప్రశ్నిస్తున్నాము. ప్రసవవేదనలో హజ్రత్ మర్యమ్ (అ) తాను ఇంతకు ముందే మరణించి ఉంటే బాగుండేదని వాపోయారని ఖుర్ఆన్ తెలుపుతోంది. కుమారుని ఎడబాటుకు దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అ) కన్నులు తెల్లబారాయనీ తెలుపుతోంది. వారి ఈమాన్‌ను శంకించే సాహసం ఎవరికుంది? దుఆ చేయవలసిందే. కాని రోగానికి చికిత్స పొందమని ఆదేశించినవారు కూడా దైవప్రవక్త (స) గారే. వెయ్యేళ్ల క్రిందటే అబూ జైద్ అల్-బల్ఖీ శరీరంతోపాటు మనస్సు ఆరోగ్యం గురించీ గ్రంథం రచించి, భయం, దుఃఖం, కోపం, వస్వాసులను చర్చించాడు. ఆ వారసత్వాన్ని మరచినది మనమే.

2021 మేలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం మన కృష్ణపట్నానికి వేలాదిమంది తరలివచ్చారు. వరుసలో నిలబడటానికి ఎవరూ సిగ్గుపడలేదు. ఒంటి జబ్బుకు లేని సిగ్గు మనసు జబ్బుకు ఎందుకు?

ఈ దాపరికం ప్రాణాలు తీస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడిచిన ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి 28 మంది మానసిక రోగులు ఆహుతయ్యారు. గొలుసులతో కట్టివేయబడినందున పారిపోలేకపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. చికిత్సను హక్కుగా ప్రకటించింది. షాదీఖానాలకూ శ్మశానవాటికలకూ వినతిపత్రాలిచ్చే మన సంఘాలు ఈ హక్కును ఎందుకు అడగవు?

మా కోరికలు మూడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో బాలింతల శరీరంతోపాటు మనసునూ పరీక్షించాలి. జుమా ఖుత్బాలలో ఈ విషయాన్ని నిస్సంకోచంగా ప్రస్తావించాలి. ఉచిత సహాయవాణి టెలీ మానస్ సంఖ్య 14416ను ప్రతి మస్జిద్, ప్రతి మదర్సా గోడపై వ్రాయించాలి.

ఆదమ్ సంతతిని అల్లాహ్ గౌరవించాడని ఖుర్ఆన్ ప్రకటించింది. ఆ సంతతిలో మన కోడళ్లు, కూతుళ్లు లేరా? చాకిరీతోనో సంతానంతోనో స్త్రీ విలువను తూచే అధికారం మనకు ఎవరిచ్చారు? తన విలువను తాను గుర్తించి ఒక స్త్రీ నోరు విప్పినప్పుడు వినడం ఔదార్యం కాదు, మన బాధ్యత.