కోడెకూ మత్తు సూది కావాలి

నగరాలలో పెంపుడు కుక్కలకు, పిల్లులకు లేజర్ శస్త్రచికిత్స సున్నితమైన మార్గంగా ఆదరణ పొందుతున్నది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని కణజాలంలోని నీరు గ్రహించి ఆవిరవుతుంది. కోతతోపాటే సన్నని రక్తనాళాలు మూసుకుంటాయి. అందువల్ల రక్తస్రావం, వాపు తగ్గుతాయి. అయినప్పటికీ మత్తుమందు తప్పదు. నిలకడైన విద్యుత్తు, పొగను పీల్చే పరికరం, కంటిరక్షణ, శిక్షణ పొందిన వైద్యుడు కూడా అవసరం.

అనంతగిరి మండలంలోని టైడా వంటి గిరిజన గ్రామాలకు ఇవన్నీ చేర్చడం సులభం కాదు. అక్కడ ముందుగా ఆలోచించవలసినది దుక్కికి సిద్ధం చేసే కోడె బాధ గురించి. విత్తులు కొట్టడానికి వాడే బర్డిజో పటకారు చర్మాన్ని కోయకుండానే వృషణాలకు రక్తాన్ని చేర్చే నాళాలను నలిపివేస్తుంది. విద్యుత్తు అక్కరలేదు, తెరిచిన గాయం ఉండదు కనుక ఈగల బెడద తక్కువ. అయితే రక్తం కనిపించనంత మాత్రాన నొప్పి లేదనుకోవడం పొరపాటు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం నిర్దేశిత పద్ధతిలో విత్తులు కొట్టడాన్ని హింసగా పరిగణించదు. ఆ పద్ధతికి నమోదిత పశువైద్యుడు, మత్తుమందు ఉండాలని 2023 నియమాలు స్పష్టం చేశాయి. నగరంలోని కుక్కకు సహజంగా లభించే ఈ ఊరట కొండమీది కోడెకూ దక్కాలి. విస్తరణ శాస్త్రవేత్తలు పటకారు వాడకంతోపాటు మత్తు సూది, తదుపరి నొప్పి నివారణ మందు ఆవశ్యకతను కూడా రైతులకు బోధించాలి. శిబిరాలలో వాటిని అందుబాటులో ఉంచాలి.