“నీరు పట్టింది” అంటే సరిపోదు



విశ్రాంతిదినాన ఒక పరిసయ్యుని ఇంట్లో యేసుప్రభువు ఒక రోగిని స్వస్థపరచిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో చదువుతాము. మన తెలుగు బైబిలు అతని జబ్బును జలోదరం అంటుంది. ఉదరం అంటే కడుపు కనుక, అతనికి కడుపులో నీరు చేరిందనుకుంటాము. కాని లూకా రాసిన గ్రీకు మాటలో కడుపు లేదు, నీరు మాత్రమే ఉంది. ఇంగ్లీషువారి పాత మాట డ్రాప్సీ కూడా ఆ గ్రీకు మూలం నుంచే వచ్చింది. కాళ్ళు, ముఖం, పొట్ట, ఎక్కడ నీరు చేరినా పూర్వం డాక్టర్లు దానిని డ్రాప్సీ అనేవారు. మన ఇళ్ళలో “ఒంటికి నీరు పట్టింది” అనే మాటా అలాంటిదే.

ఆ ఒక్క పేరు వెనుక ఎన్నో జబ్బులున్నాయని నెమ్మదిగా తెలిసింది. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు డాక్టరు, ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకుతో కొందరికి నీరు తగ్గుతోందని పుస్తకం రాశాడు. అది గుండె మీద పనిచేసే మందు. నేటి డిజాక్సిన్ మాత్ర ఆ జాతి మొక్కలదే. 1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ కొందరు రోగుల మూత్రాన్ని చెంచాలో వేడిచేసి చూస్తే గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. అటువంటివారు చనిపోయాక పరీక్షిస్తే మూత్రపిండాలు చెడిపోయి కనిపించాయి.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. వాపు జబ్బు పేరు కాదు, జబ్బు గుర్తు. గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తహీనత, కొన్ని మాత్రలు, ఏదైనా కారణం కావచ్చు. మెడికల్ షాపులో అడిగి నీటి మాత్ర వేసుకుంటే వాపు తగ్గవచ్చు, లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. బి.పి. చూడడం, మూత్ర పరీక్ష, రక్త పరీక్ష పెద్ద ఖర్చు కావు. మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళినా సరే, ముందు పరీక్ష చేయించండి.

వాపుతోపాటు ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పిపెట్టినా, గర్భిణికి ముఖం వాచి తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి రండి.

ప్రార్థన చేస్తున్నాము కదా, చూద్దామని కొందరు ఆగుతారు. ప్రార్థన మానమని మేము అనము. అయితే గుంటలో పడిన ఎద్దును విశ్రాంతిదినమైనా వెంటనే పైకి తీయరా అని ప్రభువు అడిగింది ఆ రోగిని స్వస్థపరచిన సందర్భంలోనే. మంచిపనికి ఆలస్యం వద్దని ఆయనే చూపించాడు. ఇంట్లో ఎవరికైనా కాళ్ళు వాచి ఉంటే ఆదివారం దాకా కూడా ఆగకండి.